సౌండింగ్ రాకెట్ కవర్లు సేకరించడం ఎలా: చెన్నైలో ఉండేవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

నా ఆల్బంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కవరు మీద బొమ్మ లేదు, రంగుల అచ్చు లేదు. తెల్ల కవరు. కుడి మూల లేత రంగు అయిదు రూపాయల స్టాంపు. స్టాంపు మీద సగం, కాగితం మీద సగం పడిన గుండ్రటి నల్ల ముద్ర. అందులో సూళ్లూరుపేట పేరు, 2022 నవంబర్ 18 తేదీ. ఆ శుక్రవారం పొద్దున 11:30కి పులికాట్ అవతల శ్రీహరికోటలో విక్రమ్-ఎస్ లేచింది. హైదరాబాద్ స్కైరూట్ వాళ్లు తయారు చేసిన ఆరు మీటర్ల రాకెట్ అది. 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, కొద్ది నిమిషాల్లోనే బంగాళాఖాతంలో పడిపోయింది. రాకెట్ సముద్రం పాలైనా, ఆ రోజూ ఆ చోటూ నా దగ్గర ఇంత సిరా మరకలో ఉండిపోయాయి.

ఈ సేకరణంతా ఆ సిరా చుట్టూనే తిరుగుతుంది. కవరు మీద ఎంత అందమైన రాకెట్ బొమ్మ వేయించినా అది అలంకారమే. సాక్ష్యం పలికేది పోస్టాఫీసు ముద్ర. సరైన పోస్టాఫీసు, సరైన తేదీ, చదవగలిగే ముద్ర, ఈ మూడూ కుదిరితేనే అది ప్రయోగ కవరు. కింద చెప్పేదంతా ఈ మూడూ ఎలా కుదుర్చుకోవాలన్నదే.

ముందు ఏ రాకెట్టో తెలుసుకోండి

సౌండింగ్ అనగానే చప్పుడు అనుకుని ధ్వని రాకెట్ అని రాసేవాళ్లున్నారు. దీనికీ ధ్వనికీ సంబంధం లేదు. ఓడవాళ్లు తాడుకి సీసపు గుండు కట్టి నీళ్లలోకి వదిలి లోతు చూసుకునేవాళ్లు. ఆ పనికి ఇంగ్లీషులో ఉన్న మాటే రాకెట్‌కూ వచ్చింది. గాలి పొరల లోతు చూడటానికి పైకి వదిలే గుండు ఇది. బెలూన్లు అందుకోలేనంత ఎత్తు, ఉపగ్రహాలు తిరగలేనంత తక్కువ ఎత్తు, ఆ నడిమి ప్రాంతంలో గాలివేగం, ఉష్ణోగ్రత, విద్యుదావేశం కొలుస్తుంది. కక్ష్యలోకి పోదు. నిమిషాల్లో పని ముగించుకుని కిందపడుతుంది.

మన దేశంలో ఇది తుంబాలో మొదలైంది. తిరువనంతపురం పక్కనున్న ఆ జాలరి పల్లె భూమి అయస్కాంత మధ్యరేఖకి దగ్గర. 1963 నవంబర్ 21 సాయంత్రం అక్కడి నుంచి నైకీ-అపాచీ అనే అమెరికా రాకెట్ సోడియం ఆవిరిని మోసుకెళ్లి ఆకాశంలో వదిలింది. మన సొంత ఆర్‌హెచ్-75 (ఆర్‌హెచ్ అంటే రోహిణి) అదే తుంబా నుంచి 1967 నవంబర్ 20న ఎగిరింది. శ్రీహరికోట తొలి ప్రయోగం 1971 అక్టోబర్ 9న, ఆర్‌హెచ్-125. ఈ అంకెలు రాకెట్ వ్యాసం, మిల్లీమీటర్లలో. ఆర్‌హెచ్-200 దాదాపు 80 కిలోమీటర్ల దాకా పోతుంది, ఆర్‌హెచ్-560 నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. 1970 నుంచి 1993 దాకా సోవియట్ ఎం-100 రాకెట్లు వాతావరణ పరిశీలన కోసం తుంబా నుంచి వారం వారం ఎగిరాయి, అన్నీ కలిపి వెయ్యికి పైనే.

సేకరించేవాళ్లకి ఈ లెక్కలతో పనేమిటంటే, ఉపగ్రహ ప్రయోగం ఉందంటే కవర్లు వేసేవాళ్లు పదిమంది ఉంటారు. సౌండింగ్ రాకెట్‌కి తరచు ఎవరూ ఉండరు. ఆర్‌హెచ్-200 వరసగా 200వ విజయం అందుకున్న 2022 నవంబర్ 23 లాంటి తేదీకి పేపర్లో వార్త వచ్చింది. మామూలు బుధవారం మధ్యాహ్నం ఎగిరి పడిపోయిన రాకెట్‌కి మీరు కవరు వేయకపోతే ఆ రోజుకి కవరే ఉండకపోవచ్చు. నన్ను ఈ దారిలోకి లాగింది అదే.

మూడు రకాలను కలగలపకండి. మొదటిది రాకెట్ మెయిల్. అంటే ఉత్తరం రాకెట్ లోపలే కూర్చుని ప్రయాణిస్తుంది. కలకత్తాకి చెందిన స్టీఫెన్ స్మిత్ 1934 సెప్టెంబర్ 30న సాగర్ ద్వీపం దగ్గర ఓడ మీదనుంచి తీరానికి అలాంటి రాకెట్ వదిలాడు. ఆయన పేరిట 1992లో మన తపాలా శాఖ స్టాంపు కూడా తెచ్చింది. రెండోది ప్రత్యేక కవరు. ఏదైనా సందర్భానికి తపాలా శాఖే అచ్చు వేయించి, బొమ్మ ఉన్న ప్రత్యేక ముద్రతో విడుదల చేస్తుంది. మూడోది మన ప్రయోగ కవరు. ప్రయోగం జరిగిన రోజు, దానికి దగ్గరి పోస్టాఫీసులో మామూలు తేదీ ముద్ర పడిన ఉత్తరం. ఈ వ్యాసం ఆ మూడోదాని గురించే.

మొదటి అడుగు: ఏ పోస్టాఫీసు?

శ్రీహరికోట ప్రయోగానికి శ్రీహరికోట పోస్టాఫీసే సరైన చోటు, పిన్ 524124. చిక్కేమిటంటే ఆ ద్వీపంలోకి అందరినీ రానివ్వరు. కవర్లను టపాలో పంపి ముద్ర వేయించుకోవాలి, లేదా అక్కడ పనిచేసేవాళ్లు ఎవరైనా దయతలచాలి. తర్వాతి చోటు సూళ్లూరుపేట, పిన్ 524121. మీరే వెళ్లి కౌంటర్లో ఇవ్వగల పోస్టాఫీసుల్లో దగ్గరిది ఇదే. నా దృష్టిలో శ్రీహరికోట ముద్ర మొదటి తరగతి, సూళ్లూరుపేటది రెండో తరగతి. అయినా తేటగా పడిన సూళ్లూరుపేట ముద్ర, అలికిపోయిన శ్రీహరికోట ముద్ర పక్కపక్కన పెడితే నేను మొదటిదే తీసుకుంటాను.

తుంబాకి విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం పోస్టాఫీసు ఉంది. దాని పేరే ఇస్రో పోస్టాఫీసు, తిరువనంతపురం 695022. రాకెట్ కవరు మీద ఇస్రో అన్న పేరుతోనే తేదీ ముద్ర పడటం కన్నా ముచ్చట ఇంకేముంటుంది!

చెన్నై వాళ్లకి ఈ మధ్య ఇంకో తావు దొరికింది. 2023 ఫిబ్రవరి 19న చెంగల్పట్టు జిల్లా పట్టిపులం నుంచి విద్యార్థుల చిన్న ఉపగ్రహాలతో రాకెట్ ఎగిరింది. 2024 ఆగస్టు 24న ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీది తిరువిడందై నుంచి స్పేస్ జోన్ ఇండియా వాళ్ల రూమి-1 ఎగిరింది. అక్కడికి అడయారు నుంచి బస్సెక్కి వెళ్లిరావచ్చు. కాకపోతే పల్లెల్లోని బ్రాంచి పోస్టాఫీసులు రోజులో కొన్ని గంటలే తెరిచి ఉంటాయి. ముందు రోజే వెళ్లి వేళలు కనుక్కుని, వాళ్ల డేట్ స్టాంపు ముద్ర ఎలా పడుతోందో ఒక చిత్తు కాగితం మీద చూసుకోండి.

బెంగళూరు మిత్రులు ఇస్రో కేంద్ర కార్యాలయం తమ ఊళ్లోనే ఉందని అక్కడి జీపీఓ (పెద్ద పోస్టాఫీసు) ముద్ర వేయించుకుంటుంటారు. ఉపగ్రహాల విషయంలో వాటిని అనుసరించే కేంద్రం బెంగళూరులో ఉంది కాబట్టి దానికో అర్థముంది. సౌండింగ్ రాకెట్‌ని ప్రయోగస్థలంలోని రాడార్లే చూసుకుంటాయి. ఈ కవర్లకి బెంగళూరు ముద్ర నేను ఒప్పుకోను.

రెండో అడుగు: కవరు తయారీ

మామూలు తెల్ల కవరు, కాస్త దళసరి కాగితం, నునుపు మెరుపు లేనిది. మెరిసే కాగితం మీద సిరా తొందరగా ఆరదు. పై కవరు రాసుకుని అలికిపోతుంది. లోపల పోస్టుకార్డు మందం అట్ట ఒకటి పెట్టి అంటించండి. ముద్ర దెబ్బకి కింద గట్టి ఆధారం ఉంటే గుండ్రం నిండుగా పడుతుంది. కవరు బరువు 20 గ్రాములు దాటనివ్వకండి, అయిదు రూపాయల స్టాంపు సరిపోతుంది.

స్టాంపు ఎంపికలో చాలామంది పొరబడతారు. రాకెట్ కవరు కదా అని ముదురు నీలం ఆకాశం, నక్షత్రాలు ఉన్న స్టాంపు అంటిస్తారు. దాని మీద నల్ల ముద్ర మాయమైపోతుంది. తేదీ కనపడని కవరు ఎందుకు? లేత రంగు స్టాంపు అంటించండి. అంతరిక్షం బొమ్మే కావాలనిపిస్తే రెండో స్టాంపుగా ఎడమవైపు దూరంగా పెట్టి, ప్రధానమైన ముద్రకి లేతదాన్ని వదలండి. స్టాంపుకి ఎడమ పక్కన కనీసం రెండు వేళ్ల ఖాళీ ఉంచాలి. ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడితేనే ఆ స్టాంపు ఆ కవరుదేనని తెలుస్తుంది.

చిరునామా కింద కుడివైపు, చిన్న అక్షరాల్లో. చిరునామా లేకుండా ఉత్త ముద్ర వేయించుకునే పద్ధతీ ఉంది, నాకది నచ్చదు. టపాలో నిజంగా ప్రయాణించి, నలిగో నలగకో ఇల్లు చేరిన ఉత్తరంలో ప్రాణం ఉంటుంది. ఎడమ పక్క రాకెట్ పేరు ఉన్న రబ్బరు ముద్ర కావాలంటే చేయించుకోండి, చిన్నదిగా. కానీ తేదీని మాత్రం ఎప్పుడూ అందులో చెక్కించకండి. విక్రమ్-ఎస్‌కి నేను ఆ పొరపాటు చేశాను. నవంబర్ 15 అని వార్త రాగానే తేదీతో సహా పది కవర్ల మీద అచ్చు వేయించాను. ప్రయోగం 18కి మారింది. ఆ పదీ పక్కన పడేసి, 17 రాత్రి కూర్చుని ఏ బొమ్మా లేని తెల్ల కవర్లు సిద్ధం చేసుకున్నాను. మొదట చెప్పిన కవరు అలా పుట్టిందే.

ఒక్కో ప్రయోగానికి అయిదారు కవర్లు చాలు. ఒకటి మీ ఆల్బంకి, ఒకటి జాగ్రత్తకి, మిగతావి సాటి సేకర్తలతో మార్పిడికి. యాభై కవర్లు తీసుకెళితే కౌంటర్లో ఉన్నవాళ్లకి విసుగు పుడుతుంది, ఆ విసుగు ముద్రలో కనపడుతుంది.

మూడో అడుగు: తేదీ పసిగట్టడం

విక్రమ్-ఎస్ లాంటి ప్రైవేటు ప్రయోగాలకి ముందే ప్రకటన వస్తుంది. ఇస్రో మామూలు సౌండింగ్ రాకెట్లకి తరచు రాదు. అప్పుడు రెండు ఆనవాళ్లు చూసుకోవాలి. ఒకటి విమానాలకి జారీ చేసే నోటమ్. ఫలానా గగనతలంలోకి ఫలానా వేళల మధ్య రావద్దని అందులో ఉంటుంది. రెండోది, పులికాట్ తీరంలో జాలర్లను సముద్రంలోకి వెళ్లొద్దనే హెచ్చరిక. స్థానిక తెలుగు పేపర్ల జిల్లా పేజీల్లో అది ఒక్కోసారి కనపడుతుంది.

నోటమ్ చదివేటప్పుడు వేళ దగ్గర జాగ్రత్త. అందులో ఉండేది మన గడియారం వేళ కాదు, అంతర్జాతీయ వేళ. దానికి అయిదున్నర గంటలు కలపాలి. 14వ తేదీ 19:00 అని ఉంటే మన దగ్గర 15వ తేదీ అర్ధరాత్రి దాటి 12:30. ఈ లెక్క తప్పితే కవరు మీద ఒక రోజు తప్పు పడుతుంది, దాన్ని ఇక దిద్దలేం.

నోటమ్‌లో తరచు ఒక్క రోజు కాక కొన్ని రోజుల గడువు ఇస్తారు. అందులో ఏ రోజు ఎగురుతుందో ప్రయోగం అయ్యేదాకా తెలియదు. చెన్నై ఐఐటీలో మొదలైన అగ్నికుల్ వాళ్ల రాకెట్ 2024 మార్చి నుంచి మే దాకా నాలుగుసార్లు ఆగింది. మే 28న ఆఖరి క్షణాల్లో ఆపేశారు. చివరికి మే 30, గురువారం పొద్దున 7:15కి శ్రీహరికోటలోని వాళ్ల సొంత వేదిక నుంచి ఎగిరింది. ఆగిపోయిన తేదీల కవర్లు కొందరు పారేస్తారు. పారేయకండి. ఏ తేదీన ఎందుకు ఆగిందో రాసి దాచుకుంటే అసలు కవరు పక్కన అవీ కథ చెబుతాయి. అయితే వాటిని ప్రయోగ కవర్లుగా ఎవరికీ ఇవ్వకూడదు.

నాలుగో అడుగు: కౌంటరు దగ్గర

చెన్నై నుంచి సూళ్లూరుపేటకి లోకల్ రైలుంది, 80 కిలోమీటర్ల పైచిలుకు దూరం. పొద్దున్నే ఎక్కితే పోస్టాఫీసు తెరిచే వేళకి దిగొచ్చు. కవర్లను ఎట్టి పరిస్థితుల్లోనూ పోస్టు డబ్బాలో వేయకండి. డబ్బాలో వేసినవి ఒక్కోసారి ముద్ర లేకుండానే పెద్ద ఊరి సార్టింగ్ కేంద్రానికి పోతాయి. అక్కడి యంత్రం చెన్నై ముద్ర గీతలు గీసేస్తే మీ కష్టమంతా వృథా. కౌంటర్లో చేతికివ్వాలి, కళ్ల ముందే ముద్ర పడేట్టు అడగాలి.

ఆ శుక్రవారం నేను కట్ట విప్పగానే కౌంటర్లో ఆయన అడిగాడు, "ఏందమ్మా ఇవి, పెళ్లి శుభలేఖలా?"

"కాదన్నా, రాకెట్ కవర్లు. ఇప్పుడు పదకొండున్నరకి ఎగిరింది కదా, దానికి. తేదీ తేటగా పడాలన్నా."

ఆయన ఒక కవరు తీసుకుని స్టాంపు వైపు చూశాడు. చెక్క పిడి ఉన్న డేట్ స్టాంపుని సిరా మెత్త మీద ఒకసారి కాదు, రెండుసార్లు చిన్నగా అద్ది, ముందు పక్కనున్న పాత ఫారం మీద కొట్టి చూశాడు. మొదటి దెబ్బకి సిరా ఎక్కువై అక్షరాలు పూడాయి. రెండోదానికి గుండ్రం అంచులు తేలాయి. అప్పుడు నా కవరు మీద పెట్టి, కొట్టకుండా అదిమి, పిడిని కొద్దిగా అటూ ఇటూ ఒరగనిచ్చి తీశాడు. గుండ్రం మొత్తం పడింది, నెల పేరు కూడా చదవొచ్చు. "ఇట్టా అయితే బాగుందా?" అన్నాడు. మిగతా అయిదూ అలాగే వేశాడు. మామూలుగా రోజుకి వందల ఉత్తరాల మీద టపటపా కొట్టే చెయ్యి అది. నా ఆరు కవర్ల కోసం అంత నిదానించింది.

మీరు నేర్చుకోవాల్సింది ఆ పద్ధతే: తక్కువ సిరా, చిత్తు కాగితం మీద మొదటి దెబ్బ, అదిమి తీయడం. మర్యాదగా అడిగితే చేసేవాళ్లే ఎక్కువ. పోస్టాఫీసు కిటకిటలాడే వేళ కాకుండా, కౌంటరు కాస్త ఖాళీ అయ్యాక వెళ్లండి. సిరా ఆరేదాకా కవర్లను ఒకదాని మీద ఒకటి పెట్టనివ్వకండి.

వెళ్లలేనివాళ్లు కవర్లన్నీ పెద్ద కవర్లో పెట్టి పోస్ట్ మాస్టర్ పేరిట స్పీడ్ పోస్టులో ముందే పంపాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది. లోపల పెట్టే ఉత్తరం ఇలా రాస్తాను:

"పోస్ట్ మాస్టర్ గారికి నమస్కారం. నేను చెన్నైలో ఉంటాను, తపాలా కవర్లు సేకరిస్తాను. దీనితో స్టాంపులు అంటించి, చిరునామా రాసిన అయిదు కవర్లు పంపుతున్నాను. శ్రీహరికోటలో సౌండింగ్ రాకెట్ ఎగిరిన రోజున మీ డేట్ స్టాంపు ముద్ర స్టాంపు మీద సగం, కవరు మీద సగం పడేలా వేయించి మామూలు టపాలో పంపమని మనవి. ప్రయోగం వాయిదా పడితే కవర్లు అలాగే ఉంచండి. ఆ రోజు మీకు సెలవైతే తర్వాతి పనిదినం తేదీ వేయండి. వెనకటి తేదీ వేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను."

ఆఖరి వాక్యం ఎవరినీ అనుమానించి రాసేది కాదు. ఒక్కోసారి మనకి మేలు చేద్దామనే మంచి మనసుతోనే తేదీ వెనక్కి తిప్పి వేస్తారు. అలాంటి కవరు చూడ్డానికి ఎంత బాగున్నా అబద్ధం. నేను వాటిని ఆల్బంలో పెట్టను.

ఆదివారం, రాత్రివేళ ప్రయోగాల సంగతి అందరూ అడుగుతారు. పట్టిపులం ప్రయోగం జరిగిన 2023 ఫిబ్రవరి 19 ఆదివారం. పోస్టాఫీసు మూత. అప్పుడు సోమవారం 20వ తేదీ ముద్రే న్యాయమైనది, పేజీలో కారణం రాసుకోవాలి. పోస్టాఫీసు మూసేశాక సాయంత్రమో రాత్రో అదే తేదీలో ఎగిరితే, పగలు పడిన ఆ రోజు ముద్రే సరైనది. 1963 నాటి తుంబా ప్రయోగమే అలాంటిది. సోడియం ఆవిరి మెరవాలంటే పైన ఎండ, కింద చీకటి ఉండాలి, అంటే సంధ్యవేళే కుదురుతుంది. అర్ధరాత్రి దాటాక ఎగిరితే తెల్లారాక పడే ముద్ర.

అయిదో అడుగు: పాత కవర్లు కొనేటప్పుడు

మన ముందుతరం కవర్లు మనం వేయలేం, కొనుక్కోవాల్సిందే. అండమాన్లో దొరికిందనో, తాతగారి పెట్టెలో దొరికిందనో అమ్మేవాళ్లు చెప్పే కథలు వినండి గానీ కవరునే చదవండి. చేతిలో భూతద్దం, బుర్రలో కొన్ని సంవత్సరాలు ఉంటే చాలా నకిలీలు అక్కడికక్కడే దొరికిపోతాయి.

పిన్ కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న వచ్చింది. 1967 తేదీ ఉన్న ముద్రలో ఆరంకెల పిన్ ఉంటే ఆ ముద్ర తర్వాత చేసిందే. ఇస్రో 1969 ఆగస్టు 15న ఏర్పడింది. 1963 నాటి తుంబా కవరు మీద రబ్బరు ముద్రలో ఇస్రో అని ఉంటే ఆ ముద్ర ఆ రోజు వేసింది కాదు. సారాభాయ్ 1971 డిసెంబర్ 30న పోయారు, తుంబా కేంద్రానికి ఆయన పేరు వచ్చింది ఆ తర్వాతే. శ్రీహరికోట కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు 2002 సెప్టెంబర్ నుంచి. స్టాంపు మీద నయా పైసా అన్న మాట 1964 జూన్‌లో పోయింది, కాబట్టి 1963 నవంబర్ కవరు మీద ఉత్త పైసా స్టాంపు ఉంటే ఆగి ఆలోచించండి. సారాభాయ్ బొమ్మ, రాకెట్ ఉన్న స్టాంపు 1972 డిసెంబర్ 30న వచ్చింది. అంతకు ముందు తేదీ ముద్ర దాని మీద పడే వీల్లేదు. ఊరి పేర్లు కూడా చూడండి: చెన్నై అన్న పేరు 1996 తర్వాతది. అంతకుముందు ముద్రల్లో మద్రాసే.

ఒకసారి ఒక అమ్మకందారు ఆర్‌హెచ్-75 తొలి ప్రయోగం కవరంటూ నాకు చూపించాడు. కాగితం పసుపెక్కింది, అంచులు నలిగాయి, నమ్మబుద్ధేస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే గుండ్రం అడుగున 695తో మొదలయ్యే అంకెలు. 1967లో ఆ అంకెలు లేవు. డబ్బు మిగిలింది, మనసు మాత్రం చివుక్కుమంది. పాత కాగితం దొరకడం కష్టం కాదు, ఆ రోజు ముద్ర దొరకడమే కష్టం.

2010 జనవరి నాటి కవర్లు దొరికితే వదలకండి. ఆ నెల 15న, సరిగ్గా కనుమ రోజున, వలయాకార సూర్యగ్రహణం వచ్చింది. తిరువనంతపురం గ్రహణం దారిలోనే ఉంది. గ్రహణం వేళ గాలి పై పొరల్లో ఏం జరుగుతుందో చూడటానికి ఆ రెండు రోజుల్లో తుంబా నుంచీ శ్రీహరికోట నుంచీ వరసగా సౌండింగ్ రాకెట్లు వదిలారు. రెండు చోట్ల ముద్రలూ పక్కపక్కన పెట్టగలిగితే ఆ పేజీ చూడటానికి రెండు కళ్లూ చాలవు.

సంతకాలున్న కవర్ల జోలికి మొదట్లో పోకండి. సంతకం నిజమో కాదో తేల్చడం వేరే విద్య. కొత్త స్టాంపులకి అన్నా సాలై హెడ్ పోస్టాఫీసులోని ఫిలాటెలిక్ బ్యూరో, అంటే సేకర్తలకి స్టాంపులు అమ్మే విభాగం, ఉంది. అక్కడ 200 రూపాయలతో డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్తవి ఇంటికే వస్తాయి. తోటి సేకర్తలు కావాలంటే చెన్నైలో సౌత్ ఇండియా ఫిలాటెలిస్ట్స్ అసోసియేషన్, బెంగళూరులో కర్ణాటక ఫిలాటెలిక్ సొసైటీ ఉన్నాయి. పెద్దవాళ్ల పక్కన కూర్చుని పది కవర్లు చూస్తే పది వ్యాసాలు చదివినంత.

ఆరో అడుగు: చెన్నై గాలి నుంచి కాపాడటం

ఇక్కడి ఉప్పుగాలి, చెమ్మ కాగితానికి శత్రువులు. ఐప్పసి (అక్టోబర్-నవంబర్‌లో వచ్చే తమిళ నెల), కార్తీక మాసాల వానల్లో బీరువా గోడకి ఆనుకుని ఉంటే చాలు, కవర్ల మీద గోధుమరంగు చుక్కలు మొదలవుతాయి. అది బూజు. ఒకసారి పట్టాక పోదు. బీరువాని గోడకి జానెడు దూరం జరపండి. ఆల్బంలను పడుకోబెట్టకుండా నిలబెట్టండి. మూడు నెలలకోసారి, ఎండ కాసే పొడి రోజు చూసి నీడపట్టున తెరిచి గాలాడనివ్వండి. సిలికా జెల్ పొట్లాలు పెట్టండి గానీ వాటిని వేడిచేసి ఆరబెడుతూ ఉండాలి, లేకపోతే తడి పీల్చేసిన పొట్లంతో ప్రయోజనం లేదు.

ప్లాస్టిక్ తొడుగు కొనేటప్పుడు వాసన చూడండి. కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే అది పీవీసీ, కొన్నేళ్లకి స్టాంపు రంగుని పీల్చేస్తుంది. పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ తొడుగులు అడగండి. కవరుని ఎప్పుడూ పేజీకి అంటించకండి. నాలుగు మూలలకీ కాగితపు మూలలు చాలు. సెల్లోటేపు ఇంట్లో ఆ చుట్టుపక్కలే ఉండకూడదు.

ఏడో అడుగు: పేజీ రాయడం

కవరు ఇల్లు చేరిన రోజే రాసుకోవాలి, పదేళ్ల తర్వాత గుర్తుండదు. ప్రదర్శనల్లో పెట్టాలన్న ఆలోచన ఉంటే మొదటినుంచీ ఏ4 పేజీలే వాడండి. ఒక్కో ఫ్రేములో అలాంటివి పదహారు పడతాయి. పేజీలో కవరుదే పెద్దపీట, రాత తక్కువ. రాకెట్ పేరు, దాని పని, ఎత్తు, ప్రయోగం వేళ, ముద్ర వివరం. ముద్రకీ ప్రయోగానికీ తేడా ఉంటే దాన్ని దాచకుండా రాయాలి. నా పేజీ ఒకటి ఇలా ఉంటుంది:

"విక్రమ్-ఎస్. శ్రీహరికోట, 2022 నవంబర్ 18, ఉదయం 11:30. ఉపకక్ష్య ప్రయోగం, 89.5 కి.మీ. ముద్ర: సూళ్లూరుపేట, అదే తేదీ, ప్రయోగం తర్వాత కౌంటర్లో వేయించింది. మామూలు టపాలో చెన్నై చేరింది. శ్రీహరికోట ముద్ర కాదు."

ఆ చివరి మూడు మాటలు చదివి ఒక పెద్దాయన, "ఇది ఎందుకమ్మా, అడిగితే చెప్పొచ్చుగా" అన్నారు. అడిగేదాకా ఆగడం నాకు ఇష్టం లేదు. మీరూ ఈ వరసలు ముందు చిత్తు కాగితం మీద పెన్సిల్‌తో రాసుకోండి. తేదీని భూతద్దంతో ముద్రతో మరోసారి సరిచూసుకుని, అప్పుడు పేజీలోకి ఎక్కించండి.